తూము మూసుకుపోయిన మిద్దెలు: బెజవాడ, గుంటూరు వీధుల్లో

శుక్రవారం, వన్‌టౌన్

రైలు దిగి తారాపేట వైపు బయటికొస్తే వన్‌టౌన్ నడిచి వెళ్లేంత దూరమే. అయినా బాబాయ్ స్కూటర్ తెచ్చాడు. ఆయన గవర్నమెంటు పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. వాళ్ల నాన్నగారు మిద్దెలు వేసే మేస్త్రి. పాత బిల్డింగులు చూడ్డానికి వస్తున్నానంటే మిగతా చుట్టాలంతా "కూలిపోయే కొంపల్లో ఏముంటుందిరా చూడ్డానికి" అన్నారు. బాబాయ్ మాత్రం హెల్మెట్ చేతికిచ్చి, "ఎండెక్కకముందే పోదాం పద" అన్నాడు.

విజయవాడలో చూడాల్సినవేంటని ఎవరినడిగినా దుర్గమ్మ కొండ, బ్యారేజీ, ఉండవల్లి గుహలు అని గడగడా చెప్పేస్తారు. మనుషులు కాపురాలు చేసి, కొట్లు పెట్టి, అన్నదమ్ములు కోర్టులకెక్కిన ఊరు మాత్రం ఈ సందుల్లో ఉంది. బెజవాడ 1888లో మునిసిపాలిటీ అయింది. కొండకీ కృష్ణకీ కాలువలకీ మధ్య ఇరుకున పెరిగింది కాబట్టి గోడకి గోడ ఆనించి కట్టుకున్నారు. కింద కొట్టు, పైన కాపురం. బ్రాహ్మణ వీధి, శివాలయం వీధి, సామారంగం చౌక్ చుట్టుపక్కల తిరిగేటప్పుడు తల పైకెత్తితేనే ఆ పాత ఊరు కనిపిస్తుంది. కింద అంతా ఫ్లెక్సీలు, షట్టర్లు, ఏసీ డబ్బాలు. పై అంతస్తులో టేకు స్తంభాల వసారా, పోత ఇనుప రెయిలింగు, పిట్టగోడ మీద సున్నంతో తీర్చిన లతలు, మధ్యలో ఇల్లు కట్టిన సంవత్సరం. ఆ అంకెల మీద ఎన్నిసార్లు రంగులు కొట్టారో, చాలా ఇళ్ల మీద ఇప్పుడు అది ఏ సంవత్సరమో పోల్చుకోలేం.

అలాంటి ఒక ఇంటి ముందు బండి ఆపాం. కింద జిరాక్స్ షాపు, పక్కన గాజుల హోల్‌సేల్ కొట్టు. పైన తాళం. జిరాక్స్ షాపతను వెనక మెట్లు చూపించి, "వెళ్లండి గానీ వసారాలో అడుగు పెట్టకండి సార్, వాసాలు పుచ్చిపోయాయి" అన్నాడు. బాబాయ్ నాకంటే ముందు ఎక్కి, "గోడ మీదుగా నడువు, మధ్యలోకి రాకు" అని హెచ్చరించాడు.

వాన వెలిసి నాలుగైదు రోజులయింది. వీధంతా ఆరిపోయింది. ఈ మేడ మీద మాత్రం ఒక మూల మడుగు కట్టి ఉంది. ఆ మూలే తూము. బాబాయ్ గొంతుక్కూర్చుని, పక్కన పడున్న ఇనుప చువ్వతో తూములో పొడిచాడు. ముందు పావురాల ఈకలు, తర్వాత ఒక నల్ల పాలిథిన్ కవరు, దాని వెనక సగం కుళ్లిన గాలిపటం వచ్చాయి. ఆ తర్వాత గడగడా చప్పుడు చేస్తూ నీళ్లు కిందికి పోయాయి. కిందనుంచి గాజుల కొట్టు కుర్రాడు "ఎవర్రా పైన" అని కేకేశాడు. మడుగు తగ్గాక చూస్తే ఆ మూల గచ్చు నల్లబడి, గోరుతో గీస్తే పొడి రాలేంత మెత్తగా ఉంది. తూము పక్క సందులో జానెడు రావి మొక్క.

"ఇదే రోగం. మిగతావన్నీ దీని లక్షణాలు" అన్నాడు బాబాయ్.

ఈ మిద్దెలు ఎలా వేసేవాళ్లో ఆయన చెబుతుంటే మేడ దిగబుద్ధి కాలేదు. గోడ నుంచి గోడకి టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా వాసాలు. వాసాల మీద పల్చటి ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఏటవాలుగా, సున్నంతో అతికిస్తూ పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి మందంగా పరిచి, తడుపుతూ, వరసగా కూర్చున్న ఆడకూలీలు చెక్కలతో రోజుల తరబడి కొడతారు. కొట్టుడు ఆగిందంటే పని చెడినట్టే. ఆపైన సన్న ఇటుక పలకలు పరిచి డంగుసున్నంతో గచ్చు. గానుగలో ఎద్దులతో రుబ్బిన సున్నం అది. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. మద్రాసు టెర్రేసు అంటారు దీన్ని. స్టీలు లేదు, సిమెంటు లేదు, అయినా నీళ్లు నిలవనిస్తే తప్ప దిగవు. నిలిచాయా, గచ్చులోంచి ఇటుకలోకి, ఇటుకలోంచి వాసంలోకి దిగుతాయి. గోడలో దూరిన వాసం కొస ముందు పుచ్చుతుంది. పైకి ఏమీ తెలీదు. ఒక శ్రావణమాసంలో మొత్తం ఒకేసారి కూర్చుంటుంది.

రావి మొక్క సంగతి మరీ విచిత్రం. పిట్టలు పళ్లు తిని గోడల మీద రెట్ట వేస్తే అక్కడే మొలుస్తుంది. పీకితే కొమ్మ చేతికొస్తుంది, వేరు లోపలే ఉండి రెండింతలు చిగురుస్తుంది. వేరుకి మందు పెట్టి చంపి, సందుని మళ్లీ సున్నంతో పూడ్చాలి. చాలా ఇళ్లలో ఆ పని చెయ్యరు. "రావి చెట్టు కొడితే పాపం" అంటారు. దాన్ని తీసేసినవాళ్ల గురించి చెడ్డ కథలు చెబుతారు. రావి మొక్క మాత్రం ఎవరి పాపపుణ్యాలూ పట్టించుకోకుండా గోడని రెండుగా చీలుస్తుంది.

కిందికొచ్చాక వీధి వైపు గోడ చూశాం. మోకాలెత్తున పెచ్చు ఊడి, లోపలి పొరలన్నీ బయటపడ్డాయి. అన్నిటికంటే పైన ప్లాస్టిక్ పెయింటు, దాని కింద అంగుళం మందాన సిమెంటు, దాని కింద లేత పసుపు తిరిగిన పాత సున్నం, ఆ వెనక ఎర్ర ఇటుక. వేలు పెడితే సిమెంటు పెచ్చు గట్టిగా, పలకలా మొత్తం ఒకేసారి కదిలింది. దాని వెనకున్న సున్నమూ ఇటుకా మాత్రం పిండిపిండిగా రాలాయి. ఇటుక మీద తెల్లగా చౌడు. నాకు అప్పటిదాకా సిమెంటు అంటే బలం అనే లెక్క. పాత గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది, సున్నం పూతలోంచి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు కొడితే మే నెలలో రెయిన్‌కోటు తొడిగినట్టే. చెమ్మ బయటికి పోలేక, దానితో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి, ఇటుకని కొరికేస్తుంది. ఇంటికి రిపేరు చేయించాననుకున్న ఓనరు డబ్బిచ్చి దాని ఆయుష్షు తగ్గించుకున్నాడన్నమాట.

ఇంటి వెనక వాటాలో ఒక మామ్మగారు అద్దెకుంటున్నారు. మమ్మల్ని చూసి మునిసిపాలిటీ వాళ్లమనుకున్నారు. వానాకాలం ముందు శిథిల భవనమని నోటీసు అంటించి వెళ్లారట. "నోటీసు ఇస్తే నేనేం చెయ్యను బాబూ? ఓనర్లు ఐదుగురు. ఇద్దరు అమెరికా, ఒకాయన పోయాడు, ఆయన పిల్లలు, ఇంకో ఇద్దరికి మాటల్లేవు. పార్టిషన్ దావా నడుస్తోంది. అద్దె కూడా కోర్టులోనే కడుతున్నా. ఎవరూ మేకు కూడా కొట్టనివ్వరు, వాటా తేలేదాకా" అన్నారావిడ.

ఈ మాటే నాకు ఊరంతా వినిపించింది. వయసయిపోయి పడిపోయిన ఇల్లు వన్‌టౌన్‌లో నేను చూడలేదు. మనుషులున్న ఇళ్లు, ఎంత పాతవైనా, ఏదో ఒక అతుకుతో నిలబడుతున్నాయి. తాళం పడ్డాకే పడుతున్నాయి. తాళం వెనక ఎక్కువగా దావా ఉంటుంది. అది తేలిన రోజు ఇల్లు డెవలప్‌మెంట్‌కి పోతుంది, ఫ్లాట్లలో సగం సగం. 2014లో రాజధాని మాట వచ్చాక స్థలం రేటు ముందు ఇంటి రేటు సున్నా అయిపోయింది. టేకు వాసాలు, ద్వారబంధాలు మాత్రం పాత సామాన్ల కొట్టుకి మంచి ధరకే వెళ్తాయి.

శనివారం, బందరు రోడ్డు

బాపు మ్యూజియం అని ఇప్పుడు బోర్డున్న పాత విక్టోరియా జూబిలీ మ్యూజియానికి పొద్దున్నే వెళ్లాం. విక్టోరియా రాణి పాలనకి యాభై ఏళ్లు నిండాయని, కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ సూయెల్ 1887 జూన్ 27న దీనికి శంకుస్థాపన చేశాడు. మొదట్లో పరిశ్రమల ప్రదర్శనలకు వాడారు. 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించింది ఈ ఆవరణలోనేనని ఊరు చెప్పుకుంటుంది. 1962 నుంచి పురావస్తు శాఖ మ్యూజియం. తర్వాత కొన్నేళ్లు మూతపడి, బాగు చేయించుకుని, 2020 అక్టోబర్ 1న మళ్లీ తెరుచుకుంది.

సూయెల్ పేరు దగ్గర కాసేపు ఆగాలి. ఈయన వట్టి కలెక్టరు కాదు, చరిత్ర పిచ్చి ఉన్న మనిషి. విజయనగర సామ్రాజ్యం మీద పెద్ద పుస్తకం రాశాడు. అంతకుముందే 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేశాడు. ఆ స్తూపం కథ వింటే బెజవాడ మిద్దెల కథ చిన్నదనిపిస్తుంది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో ఊరు కట్టిస్తున్నప్పుడు కొత్త కట్టడాల కోసం స్తూపం పూడిపోయి ఉన్న దిబ్బలోంచి ఇటుకా రాయీ తవ్వుకుపోయారు. ఇంగ్లీషు కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. ఇరవై ఏళ్ల తర్వాత వివరంగా బొమ్మలు గీయించడానికి మళ్లీ వచ్చేసరికి చాలా భాగం మాయమైంది. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లు మద్రాసు పంపాడు. వాటిలో చాలా 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఇక సూయెల్ తవ్వకం తర్వాత 1880లో మద్రాసు గవర్నర్ ఆర్డరుతో మధ్యలో మిగిలిన దిబ్బని కూడా శుభ్రంగా తవ్వేశారు. కాపాడుదామనే తవ్వారు. రాళ్లు దొరికాయి, స్తూపం ఎలా నిలబడి ఉండేదో చెప్పే ఆధారం చెదిరిపోయింది. జమీందారుకి ఇటుక కావాలి, దొరలకి శిల్పం కావాలి. స్తూపం స్తూపంగా ఎవరికీ అక్కర్లేకపోయింది.

లోపల అల్లూరు నుంచి తెచ్చిన తెల్ల సున్నపురాయి బుద్ధుడు నిలబడి ఉన్నాడు, 3, 4 శతాబ్దాల నాటి శిల్పమంటారు. అందరూ ఆయన దగ్గర ఫొటోలు దిగుతుంటే బాబాయ్ మాత్రం గోడలూ కప్పూ చూస్తూ తిరుగుతున్నాడు. గార్డుకి అనుమానమొచ్చి వెంటపడ్డాడు. బయటికొచ్చాక బాబాయ్ తీర్పు: "పని బానే చేశారు. ఇప్పుడు దీనికి రోజూ తలుపు తీసేవాడున్నాడు, తుడిచేవాడున్నాడు. కప్పు కారితే ఆ రోజే తెలుస్తుంది. అంతకంటే ఏం కావాలి." నాకు మాత్రం ఒక అసంతృప్తి మిగిలింది. వస్తువుల పక్కన వాటి వివరాలు చక్కగా ఉన్నాయి. ఈ బిల్డింగు ఎలా కట్టారు, ఏ సున్నం, ఏ కలప, మొన్నటి రిపేరులో ఏది కొత్తది, ఏది పాతది అన్నది కూడా ఒక గోడ మీద బొమ్మలు గీసి పెడితే, వన్‌టౌన్‌లో మిద్దె ఉన్న ప్రతివాడూ వచ్చి చదువుకునేవాడు. మ్యూజియంలో ఉన్న అతిపెద్ద వస్తువు ఆ బిల్డింగే కదా.

మధ్యాహ్నం కాస్త ఎండ తగ్గాక బ్యారేజీ మీదికి. 1852, 1855 మధ్య కట్టిన పాత ఆనకట్టకి 1952లో గండిపడితే, దాని స్థానంలో 1957కి ఈ బ్యారేజీ పూర్తయింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2024 సెప్టెంబర్ వరదలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దీని మీదుగా పోయాయి, కొట్టుకొచ్చిన పడవలు గుద్ది గేట్ల కౌంటర్‌వెయిట్లు, అంటే గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మలు, విరిగాయి. విరిగినవాటిని రోజుల్లోనే మార్చారు. డెల్టా మొత్తం దీని నీళ్ల మీద బతుకుతోంది, అందుకని ఫైలు ఎక్కడా ఆగలేదు. వాడుకలో ఉండటమే అసలు రక్షణ అని బాబాయ్ పొద్దున చెప్పినదానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం బెజవాడలో లేదు.

కానీ వాడుకలో ఉన్నవన్నీ మిగలవు. 1921లో మొదలైన మారుతీ టాకీస్‌ని బెజవాడలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు, బిల్డింగు లేదు. 2016 కృష్ణా పుష్కరాల ముందు రోడ్లు, ఘాట్లు వెడల్పు చేస్తూ దారిలో ఉన్న చాలా గుళ్లు తీసేశారు. వాటిలో రోజూ దీపం వెలిగేది. పెద్ద గొడవైంది, 2021లో కొన్నిటిని మళ్లీ కట్టడానికి శంకుస్థాపన చేశారు. మళ్లీ కట్టినది గుడి అవుతుందే తప్ప, ఆ పాత గుడి కాదు.

ఆదివారం, మొగల్రాజపురం

గుహల దగ్గరికి దారి అడిగితే ఒక కుర్రాడు అపార్ట్‌మెంట్ పేరు చెప్పి దాని పక్కనే అన్నాడు. ఐదో శతాబ్దపు గుహకి గుర్తుగా అపార్ట్‌మెంట్ చెప్పడం చూసి నవ్వొచ్చింది గానీ, నిజంగానే అది లేకపోతే మేం పట్టుకోలేకపోయేవాళ్లం. ఇక్కడివి మొత్తం ఐదు గుహలు, కొండని తొలిచి చేసినవి, విష్ణుకుండినుల కాలం నాటివంటారు. దుర్గ గుహలో అర్ధనారీశ్వరమూర్తి ఉంది. మిగతా చోట్ల ద్వారపాలకులు, కొన్ని ముఖాలు అరిగి ఎవరో పోల్చుకోలేకుండా. రాయి అంత గట్టిది కాదు. వానకి, చేతులకి అరుగుతుంది.

కేంద్ర పురావస్తు శాఖ బోర్డు నీలం రంగులో నిలబడి ఉంది. 1958 చట్టం, దాని 2010 సవరణ. కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం, ఆ తర్వాత రెండు వందల మీటర్లు పర్మిషన్ తీసుకుని కట్టాలి. చుట్టూ చూస్తే ఇళ్లే. చాలావరకు ఆ సవరణకి ముందువే అయ్యుంటాయి, వాళ్లనీ అనలేం. గుహకి ఎదురింటి ఆవిడ మెట్ల మీద వడియాలు ఎండబెడుతూ, "మా ఇంటికి పై అంతస్తు వేసుకోనివ్వరండీ, రాళ్ల కోసం" అని మాతో మొర పెట్టుకున్నారు. బాబాయ్ ఆవిడతో వాదించలేదు. నాకూ అనాలనిపించలేదు. రక్షణ భారమంతా ఎదురింటి మీద వేసి, గుహ చూడ్డానికొచ్చే మనిషికి మంచినీళ్లు కూడా లేని పద్ధతిలో ఆవిడకి ఆ రాళ్ల మీద ప్రేమ ఎలా పుడుతుంది? పక్కన ఒక చిన్న టికెట్ కౌంటరో, టీ కొట్టో ఆవిడదే అయ్యుంటే మాట వేరేలా ఉండేది.

చట్టానికి రెండో వైపు కూడా ఉంది. గుహలకి కేంద్ర చట్టం, కొన్ని గుళ్లకీ కోటలకీ రాష్ట్రం 1960లో చేసిన చట్టం. ఈ రెంటి జాబితాల్లో లేని వన్‌టౌన్ ఇంటికి? దానికి శిథిల భవనం నోటీసు ఒక్కటే.

మధ్యాహ్నం దుర్గమ్మ కొండ కింద అక్కన్న మాదన్న గుహలు చూశాం. ఆ తర్వాత గాంధీ కొండ ఎక్కుదామన్నాను గానీ బాబాయ్ మోకాళ్లు ఒప్పుకోలేదు.

సోమవారం, గుంటూరు

నెహ్రూ బస్టాండులో నాన్‌స్టాప్ ఎక్కితే మంగళగిరి మీదుగా గంటలో గుంటూరు. బెజవాడలో కొండలు ఊరిని ఇరికించేశాయి, గుంటూరుకి ఆ ఇబ్బంది లేదు. అందుకే కాబోలు ఇక్కడి పాత పేటల్లో వీధులు గళ్లు గీసినట్టుంటాయి. అరండల్‌పేట, బ్రాడీపేట, రెండూ తెల్లదొరల పేర్లే. అడ్రసు చెప్పేటప్పుడు లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబితే చాలు, ఆటోవాడు నేరుగా గుమ్మం ముందు దింపుతాడు.

ముందు కొత్తపేట. డాక్టర్ అన్నా శారా కుగ్లర్ అమెరికా నుంచి లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చారు. మగ డాక్టరుకి చూపించుకోని ఆడవాళ్లకి వైద్యం చేస్తూ, 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే పోయారు. ఆ ఆసుపత్రిని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. మేం కాంపౌండ్ గోడ పక్కన నిలబడి చూస్తుంటే కొబ్బరి బోండాలాయన, "మా అమ్మ ఇక్కడే పుట్టింది సార్" అన్నాడు. ఈ జిల్లాలో ఎన్ని కుటుంబాలు ఆ మాట అంటాయో. ఆ కుటుంబాల్లో తలా ఒకళ్లు ఏడాదికొక్కసారి వచ్చి చూసినా ఆ గోడలకి నాథులున్నట్టే.

ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది. ఎన్టీ రామారావు గారు చదివింది ఇక్కడే. కాలేజీలకి ఒక అదృష్టం ఉంది. పాత విద్యార్థులు పెద్దవాళ్లయి తిరిగొస్తారు, గోడలు చూసి గొంతు జీరబోతుంది, విరాళాలు ఇస్తారు. ప్రమాదమూ అక్కడే. విరాళం ఇచ్చినవాళ్లకి కొత్త బ్లాకు మీద పేరు కావాలి. పాత కప్పు తూము శుభ్రం చేయించినందుకు శిలాఫలకం ఎవరు వేస్తారు?

మహాత్మా గాంధీ రోడ్డులో జిన్నా టవర్ దగ్గర దిగి చూశాం. 1940ల్లో కట్టింది, ఆరు స్తంభాల మీద గుమ్మటం. పేరు మార్చాలని గొడవ జరిగాక 2022 ఫిబ్రవరిలో దానికి జాతీయ జెండా రంగులు వేశారు. పేరు మీద వాదన మనం రోడ్డు మీద నిలబడి తేల్చేది కాదు. నాకు తోచిందల్లా ఒకటి. ఇంత గొడవ జరిగినందుకు ఆ టవర్ మీద ఊరందరి కన్నూ పడింది, రంగు పడింది, చుట్టూ కంచె పడింది. ఎవరూ గొడవ పడని బిల్డింగులకి ఆ భాగ్యం కూడా లేదు.

పాత గుంటూరులో అగస్త్యేశ్వరస్వామి గుడి వైపు వెళ్తూ బాబాయ్ గుళ్ల బాగోగుల మీద తిట్ల దండకం ఎత్తుకున్నాడు. ఏ గుడి అని కాదు గానీ, నేనూ చాలా చోట్ల చూశాను. రాతి స్తంభం మీద ఆయిల్ పెయింటు, శాసనం మీద మరో పూత, గర్భగుడి ముందు టైల్స్, మండపం గోడకి గ్రానైటు. దాతల పేర్లు మాత్రం కొత్త పలకల మీద స్పష్టంగా. వెయ్యేళ్ల కిందటి దాత పేరు రంగు కింద, ఈ ఏడాది దాత పేరు రంగు మీద.

సాయంత్రం అరండల్‌పేటలో ఒక ఇల్లు. బాబాయ్‌కి తెలిసినవాళ్ల ద్వారా ముందే చెప్పించాం. ముందు అరుగులు, నడుమ మండువా, పైన మద్రాసు టెర్రేసు గది. పెద్దాయన కుర్చీలు వేయించి, కాఫీ ఇప్పించి, వచ్చిన పని అడిగారు. చూడ్డానికే వచ్చామంటే మొదట నమ్మలేదు. బిల్డర్లు కూడా ముందు చూడ్డానికే వస్తారట.

"నేనున్నంత కాలం ఇవ్వనండి. తర్వాత వాళ్ల ఇష్టం. కానీ ఆ మేడ గది కారుతోంది. ముగ్గురు మేస్త్రీలని పిలిచాను. ముగ్గురూ పడగొట్టి స్లాబ్ వేద్దామన్నారు. ఒకాయన పైన వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ కొడదామన్నాడు."

బాబాయ్ కాఫీ గ్లాసు పక్కన పెట్టి మేడెక్కాడు. మెల్లగా, ఒక్కో మెట్టు పట్టుకుని. పైన గచ్చు మీద చెప్పులిప్పి అరికాళ్లతో నడుచుకుంటూ వెళ్లాడు, ఎక్కడ బోలుగా ఉందో కాలికి తెలుస్తుందట. నాణెం తీసి ఇక్కడా అక్కడా తట్టాడు. గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంది, వదిలేసినచోట బోలుగా డబ్ డబ్‌మంది. కింద గదిలోకొచ్చి, కుర్చీ ఎక్కి, వాసాల కొసలు గోడలో కలిసేచోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూశాడు. మూడు వాసాల కొసల్లో స్క్రూడ్రైవరు సులువుగా దిగింది. మిగతావాటిలో దిగలేదు.

"మొత్తం పడగొట్టక్కర్లేదండీ. ఆ మూడు వాసాలు మార్చాలి. ఆ మేర పైన గచ్చు తీసి మళ్లీ సున్నంతో వెయ్యాలి. వాలు తూము వైపు ఉండేలా చూసుకోవాలి, ఇప్పుడు అది వేరే వైపు తిరిగి ఉంది. కెమికల్ మాత్రం కొట్టించకండి, లోపలున్న చెమ్మ లోపలే ఉండిపోతుంది" అన్నాడు.

"సున్నం పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారా?"

"ఉన్నారు, గుళ్ల పనులకి వెళ్తుంటారు. నేను మాట్లాడతాను. కానీ ఇప్పుడే కాదు, వానలు పూర్తిగా వెనకబట్టాక, కార్తీకం దాటాక. ఎండ మండిపోయేటప్పుడు చేసినా సున్నం పగులుతుంది. ముందు ఆ తూము మాత్రం రేపే శుభ్రం చేయించండి."

ఖర్చు ఎంతవుతుందని అడిగారు పెద్దాయన. స్లాబ్ కంటే తక్కువేనని, అయితే రోజులు ఎక్కువ పడతాయని, పని జరిగినన్నాళ్లూ ఎవరో ఒకరు దగ్గరుండి తడిపించాలని బాబాయ్ చెప్పాడు. ఆయన ఒప్పుకునేలాగే కనిపించారు. అంతలో లోపల్నుంచి వాళ్లావిడ, "తమ్ముడిగారిని ఒక మాట అడగండి, ఆయన వాటా కూడా ఉంది కదా పై గదిలో" అన్నారు. తమ్ముడుగారు డాలస్‌లో. అక్కడ ఇంకా తెల్లవారలేదు. రాత్రి ఫోన్ చేసి చెబుతామన్నారు. బాబాయ్ ఒక పాత పెళ్లి కార్డు వెనక మేస్త్రి నంబరు, ఏయే వాసాలు మార్చాలో చిన్న బొమ్మ వేసి ఇచ్చి, తమ్ముడుగారికి వాట్సాప్‌లో పంపమని చెప్పాడు.